పసుపు ఆరబోసిన రోజుల్లో వెళ్ళండి

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. ఇల్లు విజయవాడలో, ఉద్యోగం గుంటూరులో. తొమ్మిదేళ్ళు నాతోపాటు రోజూ రైల్లో గుంటూరు వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. నాకంటే పాతికేళ్ళు పెద్ద. మాది సీజన్ టికెట్ స్నేహం. నేను 'గురువుగారూ' అని పిలుస్తాను. మూడేళ్ళ కిందట రిటైరై కొల్లిపర వైపు, కృష్ణ ఒడ్డున ఉన్న సొంతూరికి వెళ్ళిపోయారు. మూడెకరాల్లో పసుపు, కంద, అరటి వేస్తారు. పిల్లలిద్దరూ అమెరికాలో ఉంటారు, ఇంట్లో ఆయనా ఆవిడే. ప్రతి ఆదివారం ఫోన్ చేసి 'శనివారం వచ్చి రెండ్రోజులు ఉండి వెళ్ళవయ్యా' అంటారు. ఇదిగో అదిగో అంటూ మూడేళ్ళు గడిపేశాను. పెద్దవాళ్ళకి శ్రమ, ఆవిడ మన నలుగురికీ వండిపెట్టాలి అంటుంది మా ఆవిడ. మా అబ్బాయికి పదమూడేళ్ళు, ఫోన్ లేకుండా గంట ఉండలేడు. పాపకి ఎనిమిది. ఈలోగా సంగతి తెలిసి ఆఫీసులో ఇద్దరు 'ఫామ్ హౌస్ కదా, మేమూ ఫ్యామిలీలతో వస్తాం, ఖర్చు షేర్ చేసుకుందాం' అంటున్నారు. డబ్బిస్తే ఆయన ఏమనుకుంటారో తెలియదు. ఇంకో మాట. 2024లో బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు ఆయన రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నారు. అదే వరదలో ఆయన తోట కూడా మునిగిందని నెల తర్వాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది. అప్పటినుంచి మొహం చెల్లడం లేదు. వెళ్ళాలా? వెళ్తే ఎలా వెళ్ళాలి?

జవాబు: ముందు మీ ఆఫీసువాళ్ళ సంగతి తేల్చేద్దాం. వద్దు. వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే, ఈ ప్రయాణంలో వాళ్ళకి చోటు లేదు. ఆయన మూడేళ్ళుగా పిలుస్తున్నది మిమ్మల్ని. పైగా అది ఫామ్ హౌస్ కాదు, ఇల్లు. ఫామ్ హౌస్‌లో వాచ్‌మన్ ఉంటాడు, వంటమనిషి ఉంటాడు, మనం వెళ్ళేసరికి గదులు ఊడ్చి పెట్టి ఉంటారు. ఇక్కడున్నది అరవై దాటిన ఇద్దరు మనుషులు, ఒక గ్యాస్ పొయ్యి. మహా అయితే ఒక గేదె.

ఇది పడ్డదాన్ని కాబట్టి చెబుతున్నాను. మా అత్తగారి ఊరు పొన్నూరు దగ్గర. గుంటూరు వచ్చేయకముందు ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో వచ్చేపోయేవాళ్ళకి కాఫీలు కలిపాను. ఒక డిసెంబరులో మావారి స్నేహితుడొకాయన 'నేనూ మా ఆవిడా వస్తున్నాం' అని చెప్పి, మూడు కార్లలో పద్నాలుగు మందితో దిగాడు. ముందు రోజే నూర్పిడి అయింది. ధాన్యం టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసి ఉంది. తేమ 17 శాతం దాటితే కొనేచోట వంక పెడతారు, అందుకని మా మామగారు గంటకోసారి కాళ్ళతో తిరగేస్తున్నారు. మొదటి కారు తిన్నగా వచ్చి పట్టా అంచు మీద ఆగింది. అతిథి కదా, ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం దాకా ఆ కారు చక్రాలకేసి చూస్తూ కూర్చున్నారు, అంతే. నేను రెండు పూటలా వండాను. టీలు ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. వాళ్ళు వెళ్ళాక గట్టు మీద సీసాలు ఏరించాం. బయల్దేరుతూ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని 'మీరెంత అదృష్టవంతులండీ, ఎంత ప్రశాంతంగా ఉందో ఇక్కడ' అంది. పొద్దుట్నించీ నేను కూర్చున్నది ఆ కార్లు సందు మలుపు తిరిగాకే.

మీ ఆఫీసువాళ్ళతో 'పెద్దవాళ్ళిల్లు, నేనే మొదటిసారి వెళ్తున్నా' అంటే సరిపోతుంది. అందరూ కలిసి సరదాగా తిరగాలనుంటే మీ ఊళ్ళోనే భవానీ ద్వీపం ఉంది, బాపట్ల దాటితే సూర్యలంక ఉంది. అక్కడైతే ఖర్చు ఎంత షేర్ చేసుకున్నా ఎవరూ ఏమనుకోరు.

ఇక మీ ఆవిడ మాట. ఆవిడ చెప్పింది సగం నిజం, ఆ సగం చాలా పెద్దది. ఒకటి గమనించారా? మూడేళ్ళుగా పిలుస్తున్నది ఆయన, పిలుపు అందుకుంటున్నది మీరు. వండాల్సిన మనిషీ, ఆ ఇంటికి వెళ్ళి మొహమాటపడాల్సిన మనిషీ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ముందు వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలి. మీ ఆవిడనే ఫోన్ చేసి 'పిన్నిగారూ' అని మొదలుపెట్టమనండి. విజయవాడ నుంచి ఏమైనా తెమ్మంటారా అని అడగమనండి. 'ఏం వద్దమ్మా, మీరొస్తే చాలు' అంటారు. మళ్ళీ అడగాలి. మళ్ళీ అదే అంటారు. మూడోసారి అడిగితే అప్పుడు బయటికొస్తుంది, 'మరీ వీలైతే ఆ కుక్కర్‌కి గాస్కెట్ ఒకటి' అనో, 'జాకెట్లకి లైనింగ్ గుడ్డ రెండు మీటర్లు' అనో. బీసెంట్ రోడ్డులో పది నిమిషాల పని. మీరు తీసుకెళ్ళే ఏ స్వీట్ల డబ్బా కంటే ఆ గాస్కెట్‌కి విలువెక్కువ. ఊళ్ళో అది దొరక్క ఆవిడ ఎన్నాళ్ళనుంచి అవస్థ పడుతున్నారో మనకేం తెలుసు!

ఆ ఫోన్లోనే వంట సంగతి కూడా తేల్చుకోమనండి. శనివారం టిఫిన్ ఇంట్లోనే తినేసి, పదింటికి వాళ్ళ గుమ్మంలో ఉండండి. మధ్యాహ్నం వంట ఆవిడది, ఎంత వద్దన్నా చేస్తారు. అందులో కంద బచ్చలి కూర ఉండాలని మీరే అడగండి. ఫలానాది కావాలని అడిగితే శ్రమ పెట్టినట్టు కాదు. పొలంలో కంద, పెరట్లో బచ్చలి, ఉన్నవాటితో అయిపోతుంది. ఏమీ అడక్కపోతేనే ఏం పెట్టాలో తెలియక ఆరు రకాలు చేస్తారు. రాత్రికి మాత్రం మీ ఆవిడ చెయ్యాలి, ఉప్మా అయినా సరే. కొందరు పెద్దావిడలకి తమ వంటింట్లో ఇంకొకరు గరిటె పట్టుకుంటే నచ్చదు, మా అత్తగారూ అంతే. అలాగైతే పట్టుబట్టకండి, కత్తిపీట అందుకుంటే చాలు. కంద తరిగేటప్పుడు చేతులకి నూనె రాసుకోమనండి, లేకపోతే రాత్రంతా దురద.

బాత్‌రూమ్ ఎలా ఉంటుందోనని మీ ఆవిడ మనసులో ఉండే ఉంటుంది, మీతో అనలేదేమో. అదీ ఆ ఫోన్లోనే అడిగెయ్యొచ్చు. ఆడవాళ్ళు ఆడవాళ్ళని అడిగితే తప్పేం లేదు.

ఎప్పుడు వెళ్ళాలన్నది మీరు అడగలేదు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. మన దుగ్గిరాల, కొల్లిపర వైపు వేసవి చివర పెట్టిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలకి చేతికొస్తుంది. సంక్రాంతి అయ్యేసరికి ఆకు పండి వాలిపోతుంది, దాన్ని కోసేసి తవ్వకం మొదలుపెడతారు. తవ్వే రోజుల్లో వెళ్ళకండి. కూలీలు దొరకడమే గగనంగా ఉంది. దొరికిన రోజున ఆయన ప్రాణమంతా పొలంలో ఉంటుంది, మీరు వరండాలో కూర్చుని ఉన్నారన్న ఇబ్బంది ఒకటి మీద పడుతుంది. ఉడకబెట్టే రోజున కూడా వద్దు. మంటలు, పొగ, సలసలా కాగే నీళ్ళు ఉండే చోట ఎనిమిదేళ్ళ పిల్లని పట్టుకోవడం మీ వల్ల కాదు.

ఉడికాక ఆరబోస్తారు. అప్పుడు వెళ్ళండి. కొమ్ములు ఎండడానికి పది పదిహేను రోజులు పడుతుంది, విరిస్తే టక్కుమని విరగాలి. ఆ పక్షం రోజులూ రైతుకి పెద్ద పని ఉండదు, అలాగని వదిలి వెళ్ళడానికీ లేదు. పొద్దున ఎండెక్కాక పరచాలి. పగలు మంచం వాల్చుకుని కాపలా కాయాలి, మేకలొస్తే అదిలించాలి, మబ్బు పడితే లేచి చూడాలి. సాయంత్రం మంచు కురవకముందే కుప్ప చేసి పట్టా కప్పాలి. మాట్లాడే మనిషి పక్కనుంటే బాగుండునని ఆయనకి అనిపించే రోజులవి. మీ తొమ్మిదేళ్ళ స్నేహం ఎలా కుదిరిందో గుర్తు తెచ్చుకోండి. రైలు ఎక్కితే దిగేదాకా ఎటూ కదలడానికి లేదు, పక్కపక్కనే కూర్చున్నారు, మాటలు వాటంతటవే వచ్చాయి. పసుపు పట్టా పక్కన కూడా అంతే. ఆయన మీకు ఊరు చూపించాలని హడావిడి పడక్కర్లేదు, మీరు సంబరపడుతున్నట్టు నటించక్కర్లేదు. సాయంత్రం కుప్ప చేసేటప్పుడు మాత్రం లేచి పట్టా రెండో కొస పట్టుకోండి. ఇద్దరు ముసలివాళ్ళు నలుగురి పని చేస్తున్న ఇంట్లో ఆ కొస పట్టుకోవడం మామూలు సాయం కాదు.

ఫిబ్రవరి మొదట్లో అయితే చలి ఇంకా శివశివా అంటూ పోయి ఉండదు. ఏటి ఒడ్డు ఊరు కాబట్టి తెల్లవారుజామున బాగానే ఉంటుంది, పిల్లలకి స్వెట్టర్లు పెట్టుకోండి. పెద్దవాళ్ళిద్దరూ రాత్రి ఎనిమిదిన్నరకే పడుకుని నాలుగింటికే లేస్తారు. మీకు నిద్ర పట్టకపోతే మంచం మీదే కళ్ళు తెరుచుకుని పడుకోండి. అంతేగానీ పదకొండు దాకా కబుర్లు పెట్టి ఆయన్ని కూర్చోబెట్టకండి. మర్యాద కొద్దీ కూర్చుంటారు, మర్నాడంతా తూలుతూ తిరుగుతారు.

డబ్బు కవరులో పెట్టి ఇవ్వకండి. దిండు కింద పెట్టి రావడం, పిల్లల చేత ఇప్పించడం లాంటి తెలివితేటలు అసలే వద్దు. ఆ కవరు చూసిన రోజు ఆయనకి మీరు గురువుగారూ అన్న పిలుపు కూడా వేరేగా వినిపిస్తుంది. అయితే ఉత్త చేతులు ఊపుకుంటూ వచ్చి, బస్తాడు సరుకు మోసుకుపోవడం కూడా న్యాయం కాదు. ఒక లెక్క చెబుతాను. కిలో ఎండు పసుపు కావాలంటే పచ్చిది సుమారు ఐదు కిలోలు తవ్వాలి, కడగాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, ఆపైన డ్రమ్ములో వేసి మెరుగు పెట్టించాలి. 'మన తోటదే కదా' అని ఆయన మీ సంచిలో పోసే రెండు కిలోల వెనక ఇంత ఉంది. అందుకని వెళ్ళగానే, ఆయన ఇంకా ఏదీ ఇవ్వకముందే అడిగెయ్యండి: 'గురువుగారూ, ఇంట్లోకి ఏడాదికి సరిపడా పసుపు, మా అన్నయ్యవాళ్ళకి కూడా కలిపి, మీ దగ్గరే కొందామనుకుంటున్నా. దుగ్గిరాల పసుపు యార్డులో ఇవాళ ధర ఎంత ఉంటే అంత. కాటా వెయ్యండి.' ఊరికే ఇస్తానంటారు, కోప్పడతారు కూడా. 'అయితే బజార్లో కొంటాను, ఏం కలిపారో ఏమో మరి' అనండి. పసుపు పండించే మనిషి ఆ మాటకి తట్టుకోలేడు. రైతుకి దానం ఇస్తే చిన్నతనం. సరుకు బాగుందని కాటా వేయించుకుని కొంటే గౌరవం. ఆ తర్వాత ఆయన పైన ఒక గెల ఇచ్చినా, కొబ్బరికాయలిచ్చినా హాయిగా తీసుకోండి.

గెల అన్నాను కాబట్టి చెబుతున్నా, దారిలో డజను అరటిపళ్ళు కొనుక్కుని అరటి తోట ఉన్న ఇంటికి వెళ్ళేవాళ్ళు నిజంగానే ఉంటారు. మావారు ఒకసారి ఆ పని చేశారు. వాళ్ళు ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు. తీసుకెళ్ళాలనుంటే పుస్తకాలు తీసుకెళ్ళండి. తొమ్మిదేళ్ళు రోజుకి రెండు పూటలు రైల్లో గడిపిన మనిషికి చదివే అలవాటు ఉండే ఉంటుంది. విజయవాడలో జనవరిలో పుస్తకాల పండగ జరుగుతుంది, అది దాటిపోయినా ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు ఎక్కడికీ పోవు. అక్షరాలు పెద్దవిగా ఉన్న అచ్చు చూసి తీసుకోండి.

వెళ్ళడం రైల్లో వెళ్ళండి. మీ ఇద్దరికీ రైలంటే ఉన్న బంధం సంగతి అలా ఉంచి, అసలు కారణం వేరే ఉంది. కారు తీసుకెళ్తే బయల్దేరేముందు డిక్కీ నిండిపోతుంది. ఆ పెద్దాయన నడుం పట్టుకుని బస్తాలు మోస్తుంటే మీరు 'వద్దు గురువుగారూ' అంటూ చుట్టూ తిరుగుతారు. రైలైతే రెండు చేతులకి పట్టినంతే. తెనాలిలో దిగితే కొల్లిపర వైపు బస్సులు, ఆటోలు ఉంటాయి. పల్లెవెలుగులో మీ ఆవిడకీ పాపకీ టికెట్ కూడా లేదిప్పుడు, ఆధార్ కార్డు పట్టుకెళ్తే చాలు. పిల్లలకి కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర కిటికీలోంచి చూపించండి. అక్కడ లైను రెండుగా చీలుతుంది, ఒకటి మంగళగిరి మీదుగా మీ గుంటూరుకి, ఇంకొకటి దుగ్గిరాల మీదుగా తెనాలికి. ఇన్నేళ్ళు మీరిద్దరూ ఒకవైపు వెళ్ళారు. ఆయన మనసు మాత్రం రెండో వైపు ఉండేదేమో, అడిగి చూడండి.

మీవాడి ఫోన్ గురించి ఎక్కువ కంగారుపడకండి. ఫోన్ తేకూడదని షరతు పెడితే వాడు రెండు రోజులూ మొహం ముడుచుకుని కూర్చుంటాడు, అది చూసి పెద్దవాళ్ళిద్దరూ 'పిల్లాడికి తోచడం లేదు' అని బాధపడతారు. తెచ్చుకోనివ్వండి. వెళ్ళాక తాతగారి ఫోన్ వాడి చేతిలో పెట్టండి. అక్షరాలు పెద్దవి చెయ్యడం, అమెరికా మనవలతో వీడియో కాల్ ఒక్క నొక్కుతో వచ్చేలా పెట్టడం, పంట నమోదు మెసేజ్‌లు ఎక్కడున్నాయో చూపించడం, గోడ మీది పాత ఫోటోలు తీసి దాచడం, ఇవన్నీ పదమూడేళ్ళవాడికి అరగంట పని. అమెరికా కొడుకు ఫోన్లో ఎంత చెప్పినా అర్థంకానిది, పక్కన కూర్చుని చూపిస్తే అర్థమవుతుంది. ఆ ఇంట్లో వాడి అవసరం ఉన్న పని అదొక్కటే. వాడికి పొలం నచ్చకపోయినా ఫరవాలేదు. పాప సంగతి చెప్పక్కర్లేదు, కోడిపిల్ల ఒకటి చాలు.

ఒకట్రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. బోరు కింద స్నానం అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. వ్యవసాయానికి కరెంటు పగలు తొమ్మిది గంటలే ఇస్తారు, ఎప్పుడొస్తుందో ఆయన్నడగండి. తడి చేతులతో స్టార్టర్ పెట్టె దగ్గరకి మాత్రం ఎవరూ పోకూడదు. కాలవలోకి, ఏట్లోకి పిల్లల్ని దింపకండి, మోకాలి లోతు కనబడిన చోట పక్క అడుగులోనే మడుగుంటుంది. పురుగుమందు డబ్బాలున్న కొట్టం వైపు పాపని వెళ్ళనివ్వకండి. రాత్రి పెరట్లోకి వెళ్తే టార్చి, కాళ్ళకి చెప్పులు ఉండాలి. పాము కరిస్తే మంత్రం, పసరు అంటూ ఆగకుండా తిన్నగా తెనాలి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. ఇది మీకు తెలియదని కాదు, ఊళ్ళో ఎవరో ఒకరు పసరు మాట ఎత్తుతారు కాబట్టి రాస్తున్నాను.

మాట్లాడకూడనివి మూడు చెబుతాను. 'ఎకరం ఎంత పలుకుతోంది గురువుగారూ?' అనకండి. రాజధాని వచ్చినప్పటినుంచి మన రెండు జిల్లాల్లో ఏ ఇంటికి వెళ్ళినా ఇదే మాట. రింగు రోడ్డు ఇటొస్తుందా అటొస్తుందా అని పంట చేలో నిలబడి లెక్కలు వేస్తారు. మొక్కకి నీళ్ళు పెడుతున్న మనిషిని ఆ నేల అమ్మితే ఎంతొస్తుందని అడగడం నాకెప్పుడూ మొరటుగానే తోస్తుంది. రెండోది, 'ఈ వయసులో ఎందుకండీ ఈ తిప్పలు?' మూడోది, 'పిల్లలు ఎప్పుడొస్తున్నారు అమెరికా నుంచి?' ఆయనంతట ఆయన చెబితే వినండి. చెప్పకపోతే ఊరుకోండి.

ఇప్పుడు వరద సంగతి. మీకు మొహం చెల్లనిది దీని గురించే. ఫోన్, వంట, ఖర్చు పైపై మాటలు. ఆ సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు, 1957లో బ్యారేజీ మొదలయ్యాక అంత నీళ్ళు ఎప్పుడూ రాలేదు. ఆ నీళ్ళు అటు వెళ్తుండగానే ఇటు బుడమేరు మీ వీధుల్లోకి వచ్చింది. అంటే మీరు డాబా మీద పాల ప్యాకెట్ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే ఆయన కరకట్ట మీద నిలబడి, మూడు నెలల పసుపు మొక్క నీళ్ళకింద ఉండడం చూస్తున్నారు. పసుపు మొదట్లో నీళ్ళు నాలుగు రోజులు నిలిచాయంటే దుంప కుళ్ళుతుంది, అది ఆయనకి తెలుసు. అయినా మీకు ఫోన్ చేసి పిల్లలు ఏం తిన్నారని అడిగారు. తన సంగతి చెప్పకపోవడం మిమ్మల్ని దూరం పెట్టడం కాదు. మీ వీధిలో నీళ్ళుంటే తన అరటి తోట గురించి ఎలా మొదలుపెడతారు?

అందుకని క్షమాపణ ప్రసంగం సిద్ధం చేసుకుని వెళ్ళకండి. 'నేను అడగలేదు, నాది తప్పు' అని మీరు మొదలుపెడితే ఆయన మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. నష్టపోయిందీ ఆయనే, ఓదార్చేదీ ఆయనేనా? శనివారం సాయంత్రం ఎండ తగ్గాక తోటలోకి నడుద్దాం అనండి. నడుస్తూ 'నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి గురువుగారూ?' అని అడగండి, అంతే. వరద చూసిన ఏ రైతయినా చెయ్యి ఎత్తి చూపిస్తాడు. ఏ చెట్టు మొదలు దాకానో, మోటారు గది గోడ మీద ఏ గీత దాకానో. ఆ గీత దగ్గర నిలబడి ఆయన చెప్పేదంతా వినండి. ఎకరాకి ఎంత పోయింది, తర్వాతి ఏడు విత్తనం ఎక్కడ తెచ్చారు, పరిహారం వచ్చిందా లేదా, అన్నీ అడగండి. మధ్యలో మీ వీధి కథ తేకండి. ఆయన తప్పకుండా అడుగుతారు, 'మీ ఇంట్లో ఎక్కడిదాకా వచ్చాయి?' అని. మీ గోడ మీద కూడా గీత ఉండే ఉంటుంది. అప్పుడు చెప్పండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక వాళ్ళని కాసేపు నడుం వాల్చనివ్వండి. మీరూ పడుకోండి. నాలుగింటికి టీ తాగి బయల్దేరితే చీకటి పడకుండా తెనాలి చేరతారు. ఆ రాత్రి ఇల్లు చేరాక ఫోన్ చెయ్యడం మర్చిపోకండి, చేరేదాకా ఆవిడ పడుకోరు.

ఈ జవాబు చదివాక ఆదివారం దాకా ఆగకండి. ఈసారి ఫోన్ మీరే చెయ్యండి. 'వస్తాం గురువుగారూ, చూద్దాం' అనకండి, ఆ మాట మూడేళ్ళుగా విని ఆయన చెవులు అరిగిపోయి ఉంటాయి. 'పసుపు ఎప్పుడు ఉడకబెడుతున్నారు?' అని అడగండి. ఆయన తేదీ చెబుతారు. ఆ తర్వాత వచ్చే శనివారం పేరు చెప్పి, తెనాలికి ఏ రైలుకి దిగుతున్నారో కూడా చెప్పి పెట్టేయండి. చేసేది మాత్రం రాత్రి ఎనిమిదిన్నర లోపు చెయ్యండి, ఆ తర్వాత పడుకుంటారు.